గోదావరి గట్టున చిత్రశాల: దామెర్ల రామారావు జీవితము

రాజమహేంద్రవరము నన్నయనాటినుండి కవులకు పుట్టినిల్లు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో వీరేశలింగము పంతులుగారు, చిలకమర్తివారు అచటనే గ్రంథరచన సాగించుచుండిరి. పద్యము వ్రాయదలచిన యువకునకు ఆ పట్టణమున గురువు దొరకును. విని మెచ్చు స్నేహితుడు దొరకును. తప్పుపట్టు పండితుడు మరింత సులభముగా దొరకును. బొమ్మ వేయదలచిన యువకునకు ఈ మువ్వురిలో ఒక్కడును లేడు. రవివర్మ చిత్రముల అచ్చుప్రతులు గోడలకు వ్రేలాడుచుండెను గాని, కుంచె పట్టించి నేర్పు శాల దగ్గరలో లేకుండెను. చిత్రకళను క్రమముగా అభ్యసింపదలచినవాడు మదరాసుకో, బొంబాయికో, కలకత్తాకో పోవలసినదే. అట్టి పట్టణమున 1897 మార్చి 8వ తేదీన దామెర్ల రామారావు జన్మించెను.

బాల్యమునుండియు అతనికి పుస్తకములకంటె బొమ్మలమీద మక్కువ ఎక్కువ. చిత్రకారుల చరిత్రలన్నింటను కనబడు మాటయే గనుక దానిని అటుంచవచ్చును. అతని జీవితమును మలుపు త్రిప్పినది ఒక దొరగారి రాక. 1909లో ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చెను. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, కవిత్వము వ్రాయువాడు, నీటిరంగులలో చిత్రములు వేయువాడు.

ఆనాటి దొరలలో తీరికవేళ బొమ్మలు వేసికొనువారు పలువురు కలరు. కూల్డ్రే విశేషము అది కాదు. ఏ యువకునియందు ఏ నేర్పు దాగియున్నదో కనిపెట్టుట, కనిపెట్టి మెచ్చుకొని ఊరకుండక వానికి కావలసిన తోడును దారిని సమకూర్చుట ఆయన స్వభావము. తరగతి గంట మ్రోగుటతో ఆయన పాఠము ముగిసెడిది కాదు. శిష్యులతో కూడి గోదావరి తీరమున, చుట్టుపట్ల పల్లెలలో తిరుగుచు బొమ్మలు వేసెడివాడు, వేయించెడివాడు. ఆయన చుట్టు చేరినవారందరును చిత్రకారులు కారు. కవికొండల వెంకటరావు కవి, కథకుడు. అడివి బాపిరాజు పద్యము, కథ, బొమ్మ మూడింటియందును చేయిపెట్టినవాడు. చిత్రకారునకు చిత్రకారుడే స్నేహితుడైనచో మాట రంగుల కలయికలోనే తిరుగుచుండును. కవి ప్రక్కన కూర్చున్నచో బొమ్మలోని కథయేమో చెప్పవలసివచ్చును. కవియు తన పద్యమున వర్ణించిన చెట్టును ఒకసారి కన్నులు తెరచి చూడవలసివచ్చును. రామారావు పెరిగినది ఇట్టి సాంగత్యమున.

గురువుగారి ప్రోద్బలముననే రామారావు అజంతా గుహలను దర్శించెను. కూల్డ్రే తాను ఆంగ్లేయుడైయుండియు, శిష్యులు ఆంగ్లచిత్రములకు నకళ్ళు వ్రాయుటను కోరలేదు. వారి పూర్వులు గోడలపై వదలిపోయిన సొత్తును వారికి చూపించెను. అజంతా చిత్రకారునకు వెలుగునీడలతో పెద్ద పని లేదు. భుజము గుండ్రన, మెడ వంపు, వ్రేళ్ళ కదలిక అన్నింటిని ఒక్క గీతయే తెలుపును. ఎక్కడ బలముగా నొక్కవలెనో, ఎక్కడ సన్నగిల్లజేయవలెనో ఆ చేతికి తెలియును. రామారావు చేతికి ఆ గీత పట్టువడెను. అతని చిత్రములలో నిలిచిన ప్రతి స్త్రీమూర్తియు ఆ గుహలకు ఋణపడియున్నది.

1916లో అతడు బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలలో చేరెను. ఆ ప్రయాణమునకు ధనసహాయము చేసినదియు కూల్డ్రేయే. 1857లో వెలసిన ఆ శాలలో బోధన పూర్తిగా పాశ్చాత్య పద్ధతిని సాగుచుండెను: గ్రీకు శిల్పముల సుద్దపోతలను ఎదుట నుంచుకొని గీయుట, జీవించియున్న మనుష్యుని నిలువబెట్టి శరీరనిర్మాణము నభ్యసించుట, దూరము పెరుగుకొలది వస్తువు చిన్నదగు క్రమమును కొలతతో నేర్చుకొనుట. అజంతాను చూచి వచ్చిన యువకుడు దీనిని నిరసింపవచ్చును. రామారావు నిరసింపలేదు. చర్మము క్రింద కండ ఎట్లు కదలునో తెలియని చేతిలో అజంతా గీత వట్టి అలంకారమగునని అతడు గ్రహించినట్లు అతని తరువాతి చిత్రములే సాక్ష్యమిచ్చుచున్నవి. బొంబాయి జీవితమున అతనికి గుజరాతు చిత్రకారుడు రవిశంకర రావల్‌తో మైత్రి కలిగెను. పిమ్మట ఆ రావల్ అహమ్మదాబాదులో శిష్యులను చేరదీసి, 1924లో కుమార్ అను పత్రికను స్థాపించెను. మిత్రులిరువురును పెద్ద నగరమున నేర్చిన విద్యను తమ తమ ఊళ్ళకు మోసికొనిపోయినవారే.

1920లో చదువు ముగిసెను. అప్పటికి ఒక సంవత్సరము ముందే, 1919లో, వినికిడి తగ్గుటచే కూల్డ్రే ఉద్యోగము వీడి స్వదేశమునకు మరలిపోయెను. శిష్యుడు తిరిగివచ్చునప్పటికి గురువు లేడు. గురువు చుట్టు అల్లుకొన్న గుంపు చెదరసాగెను. బొంబాయివంటి నగరమున చిత్రకారునకు కొనువారు దొరకుదురు, ప్రదర్శనలు జరుగును, పత్రికలలో పేరు పడును. రాజమహేంద్రవరమున ఇవి ఏవియు లేవు. రామారావు రాజమహేంద్రవరమునే ఎన్నుకొనెను.

రెండు మూడేండ్లలోనే అతడు అచట చిత్రకళాశాలను నెలకొల్పెను. ప్రాణమిత్రుడగు వరదా వెంకటరత్నము అతనికి కుడిభుజమై నిలిచెను. గురువునకును శిష్యులకును వయస్సున పెద్ద అంతరము లేదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టి చిత్రకారిణులైరి. వాకిట ముగ్గులో ఎంత నేర్పు చూపినను గృహిణి వేసిన బొమ్మను గోడకు తగిలించు అలవాటు లేని ఆ రోజులలో ఇది చిన్న విషయము కాదు. చిత్రశాలకును గృహమునకును నడుమ గోడ లేకుండెను.

అతని చిత్రములలో మొదట దేశమున పేరు తెచ్చినది ఋష్యశృంగ బంధనము. ఆడుదానిని ఎరుగక అడవిలో పెరిగిన మునికుమారుని, అంగదేశమునకు వర్షము రప్పించుటకై వారాంగనలు ఆకర్షించి కొనిపోయిన రామాయణకథ దానికి ఆధారము. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఆ చిత్రము వైస్రాయి బహుమతి నందుకొనెను. సిద్ధార్థ రాగోదయము రాజకుమారుని మనస్సున ప్రేమ పొడసూపిన వేళను చిత్రించినది. పురాణమును వదలి ఇంటికి వచ్చినచో పుష్పాలంకారము, కార్తీక పౌర్ణమి, నందిపూజ కలవు. వీనిలో తెలుగు ఆడువారి అలంకారములు, వ్రతములు, పూజలు చిత్రవస్తువులైనవి. రవివర్మ దేవతలు నాటకశాల వెలుగులో నిలిచినట్లుందురు. వంగదేశపు కొత్త చిత్రకారుల మూర్తులు మంచుపొరలో కరగుచున్నట్లుందురు. రామారావు ఈ రెండు దారులను తెలిసి, రెంటికిని దూరముగా నడచెను. అతని రంగులు శాంతములు, గీత స్ఫుటము. మూర్తులు గుంపుగా నున్నను ఒకదానికొకటి అడ్డురాక లయతో సాగును. సన్నని పొడవైన దేహములు కొన్నియెడల ఒకే అచ్చున పోసినట్లు తోచుట నిజమే. ఇరువదియైదేండ్లవాని చేతియందు ఇంకను మారుటకు చోటున్నదనుటకు అది గుర్తు.

ప్రకృతిచిత్రములలో అతడు మరింత స్వేచ్ఛగా కనబడును. నీటిరంగులు తప్పును క్షమింపవు. తడి కాగితముపై పడిన రంగును తుడిచివేయుట కష్టము. వెలుగు కావలసినచోట కాగితపు తెలుపునే వదలవలెను. ఆకాశము ఎక్కువగను నేల తక్కువగను ఉండు గోదావరి తీరము అట్టి అభ్యాసమునకు తగిన పాఠశాల.

1924లో ఇంగ్లండునందలి వెంబ్లీలో జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమున రామారావు చిత్రములకు చోటు లభించెను. ఆ సంవత్సరమే కూల్డ్రే దక్షిణ భారత జీవితమును గురించిన తన గ్రంథమును లండనులో ప్రకటించెను. గోదావరి తీరమున ఇరువురును కలసి చూచిన లోకమే, ఒకరి చేత అక్షరములుగా, మరొకరి చేత రంగులుగా, ఒకే ఏట ఒకే దేశమున వెలువడెను.

మరుసటి ఏడు ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే రామారావు మరణించెను. ఒక్క నెల గడచినచో అతనికి 28 ఏండ్లు నిండెడివి. చదువు ముగించిన తరువాత అతనికి దక్కినవి సుమారు ఐదేండ్లు మాత్రమే. వానిలో శాలకు దక్కినవి ఇంకను తక్కువ.

ఇట్టి శాలలు సాధారణముగా స్థాపకునితోడనే మూతపడును. ఇది మూతపడలేదు. వరదా వెంకటరత్నము తన చిత్రరచనకంటె మిత్రుని శాలను, మిత్రుని చిత్రములను కాపాడుటయే ముఖ్యముగా నెంచి పాఠములు కొనసాగించెను. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ కుంచె విడువలేదు. గుంపులోని బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని వద్ద చిత్రకళ నభ్యసించి, కాలక్రమమున అదే కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అతని నారాయణరావు నవల 1934లో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలతోపాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొనెను. హిమబిందు, గోన గన్నారెడ్డి చదివినవారికి ఆ రచయిత వస్త్రముల రంగులను, ఆభరణముల వంపులను ఎంత ఓపికతో చూచునో తెలియును. అది చిత్రకారులనడుమ పెరిగిన కన్ను.

కూల్డ్రే శిష్యునికంటె 33 ఏండ్లు ఎక్కువ కాలము జీవించి 1958లో ఇంగ్లండున కన్నుమూసెను. రామారావు నూనెరంగుల చిత్రములు, నీటిరంగుల చిత్రములు, గీతలతో నిండిన పుస్తకములు రాజమహేంద్రవరమున గోదావరి గట్టుమీద అతని పేర వెలసిన చిత్రశాలలో భద్రపరచబడినవి.