వైద్య వాఙ్మయమునకు సూచిక కూర్చిన జాన్ షా బిల్లింగ్స్

వ్యాధికి మందు కనుగొన్నవారిని లోకము తలచుకొనును. ఆ మందును గూర్చి వ్రాసిన పుట ఎచ్చట నున్నదో వెదకి చూపినవారిని గూర్చి అడుగువారు అరుదు. పూర్వ వైద్యుడొకడు ఒక రోగమును చూచి, దాని లక్షణములను, తాను చేసిన చికిత్సను, తుదకు రోగి బ్రతికెనో లేదో దాచక వ్రాసి ఏదో పత్రికలో ప్రకటించును. ఏబది యేండ్లు గడచును. ఆ పత్రిక బీరువాలోనే యుండును. అందు అట్టి వ్యాసమొకటి కలదని ఎరిగినవాడుండడు. అప్పుడా వ్యాసము ఉండియు లేనిదే యగును. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చిక్కును తీర్చుటకై ముప్పది యేండ్లు కాయకనిష్ఠతో పాటుపడిన అమెరికా సైనిక వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్.

ఆయన 1838 ఏప్రిల్ 12వ తేదీన ఇండియానా రాష్ట్రములో స్విట్జర్లాండ్ కౌంటీయను పల్లెసీమలో జన్మించెను. తండ్రి సేద్యముతో పాటు చిన్న అంగడి నడుపుచుండెడివాడు. ఇంట ధనము లేకున్నను బాలునకు పుస్తకముల యాకలి మిక్కుటముగా నుండెను. ఒక మతాచార్యుని సాయము కొంత పొంది, మిగిలినది స్వయంకృషితో లాటిను నేర్చుకొనెను. పిమ్మట తండ్రితో ఒక ఒప్పందము చేసికొనెను. తనను కళాశాలలో చదివించినచో ఆస్తిలో తనకేమియు అక్కరలేదనియు, ఉన్నదంతయు చెల్లెలికే చెందవచ్చుననియు దాని సారాంశము. తండ్రి అంగీకరించెను. 1852లో ఒహాయో రాష్ట్రములోని మయామీ విశ్వవిద్యాలయమున చేరి 1857లో పట్టము పొందెను. అటుపిమ్మట సిన్సినాటీ నగరమందలి ఒహాయో వైద్యకళాశాలలో చదివి 1860లో వైద్యపట్టమును సంపాదించెను. ఆ చదువు నాళ్లలో చేతిలో కాసులేక పాలు, గ్రుడ్లతోనే చాలకాలము కడుపు నింపుకొనవలసి వచ్చెనట.

ఆ దినములలో పట్టమునకు సిద్ధాంతవ్యాసము వ్రాయవలసి యుండెను. బిల్లింగ్స్ ఎన్నుకొన్న విషయము అపస్మారమునకు, అనగా మూర్ఛరోగమునకు శస్త్రచికిత్స. ఎందరికి తల యెముకను తెరచి చికిత్స చేసిరి, వారిలో ఎందరు కోలుకొనిరి, ఎందరు మరణించిరి అను లెక్క ఆతనికి కావలసెను. సిన్సినాటీలోని పుస్తకములు చాలక ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరముల గ్రంథాలయములను గాలించెను. నెలల తరబడి వందలకొలది సంపుటములను త్రిప్పెను. ఆ శ్రమలో రెండు సంగతులు తెలిసివచ్చెను. ఒక వైద్యవిషయమును గూర్చి ప్రపంచములో వ్రాయబడినదంతయు ఒకచో దొరకు గ్రంథాలయము అమెరికాలో ఎచ్చటను లేదు. ఉన్న పుస్తకములలోను ఏ సంగతి ఎందున్నదో చూపు విషయసూచికలు నమ్మదగినవి కావు.

దీనిని విద్యార్థి విసుగుగా తీసివేయుటకు వీలులేదు. తాను చూచిన ముగ్గురు రోగులను మాత్రమే యెరిగిన వైద్యుడు, అన్యదేశములో అదే చికిత్సవలన జరిగిన మరణములను తెలియక, నాలుగవవాని తలపై కత్తి పెట్టును. తెలిసికొనదగినదే తెలియక జరిగిన ఆ తప్పునకు మూల్యము చెల్లించువాడు రోగి.

వెంటనే అంతర్యుద్ధము వచ్చెను. 1862లో బిల్లింగ్స్ సైన్యమున వైద్యాధికారిగా నియమింపబడెను. 1863లో ఛాన్సలర్స్‌విల్, గెట్టిస్‌బర్గ్ యుద్ధరంగములలో రేయింబవళ్లు గాయపడినవారికి శస్త్రచికిత్సలు చేసెను. ఆతని హస్తలాఘవమును చూచినవారు గొప్ప శస్త్రవైద్యుడగునని తలచిరి. కాని 1864 చివర ఆయనను వాషింగ్టన్ నగరములోని సర్జన్ జనరల్ కార్యాలయమునకు మార్చిరి. శస్త్రవైద్యునిగా పేరు గడింపగల జీవితము అచ్చటితో ముగిసి, కాగితముల నడుమ మరొక జీవితము మొదలయ్యెను.

ఆ కార్యాలయమున 1836 నుండి సేకరింపబడిన చిన్న పుస్తక భాండారమొకటి కలదు. యుద్ధము ముగిసిన 1865 నాటికి అందున్నవి సుమారు రెండువేల సంపుటములు. దానిని చూచు బాధ్యత బిల్లింగ్స్‌కు అప్పగింపబడెను. యుద్ధకాలపు ఆసుపత్రుల నిధులలో మిగిలిన సుమారు 80,000 డాలర్లు పుస్తకముల కొనుగోలునకు లభించుట ఆయన యదృష్టము. లింకన్ అధ్యక్షుడు 1865 ఏప్రిల్‌లో ఏ నాటకశాలలో తుపాకిగుండునకు గురియయ్యెనో, ఆ ఫోర్డ్ నాటకశాలనే ప్రభుత్వము తీసికొని గ్రంథాలయమును అందుంచెను. 1887లో పుస్తకములను వేరొక నూతన భవనమునకు తరలించిరి. ఆరేండ్ల పిమ్మట, 1893లో, ఆ పాత కట్టడములోని అంతస్తులు కూలి అచ్చట పనిచేయుచుండిన గుమాస్తాలు ఇరువది యిద్దరు మరణించిరి.

బిల్లింగ్స్ పుస్తకములకొరకు జాబులు వ్రాయుటకు అలసియెరుగడు. దూరప్రాంతములందలి సైనిక వైద్యులకు, విదేశములలోని అమెరికా ప్రతినిధులకు, గ్రామములలోని వృద్ధ వైద్యులకు వ్రాసెను. అటకలపై దుమ్ముపట్టియున్న పాత వైద్యపత్రికల విడి సంచికలను గూడ అడిగి తెప్పించెను. తమ కొకటికి రెండున్నవానిని ఇతర గ్రంథాలయములకిచ్చి, లేనివానిని పుచ్చుకొనెను. ఆయన 1895లో పదవి విడుచు నాటికి అందు లక్షా పదునారువేలకు పైబడిన పుస్తకములును, వానికంటె అధికముగా చిన్న పొత్తములును చేరియుండెను.

ఎన్ని పుస్తకములున్న నేమి, వెదకువానికి దారి కావలెను. 1876లో ఆయన ఒక నమూనా సూచికను అచ్చువేయించి దేశమందలి వైద్యులకు పంపి వారి యభిప్రాయములను కోరెను. అమెరికా కాంగ్రెసు ధనము మంజూరు చేయుటకు ఆ వైద్యుల మద్దతే ఆధారమయ్యెను. 1880లో ఇండెక్స్ కేటలాగ్ మొదటి సంపుటము వెలువడెను. గ్రంథకర్తల పేర్లు, రోగముల పేర్లు, ఔషధముల పేర్లు అన్నియు ఒకే అకారాదిక్రమమున నడచును. పుస్తకము కర్త పేరుక్రిందను, విషయముక్రిందను కానవచ్చును. పత్రికలలోని వ్యాసము విషయముక్రిందనే కానవచ్చును. అంతకుముందు పుస్తకముల పట్టికలు లేకపోలేదు. పత్రికల లోపలి వ్యాసములను సైతము విడదీసి చూపుటయే ఇందలి యసలు ఘనత.

పని జరిగిన విధము మిక్కిలి సాదా. క్రొత్తగా వచ్చిన వైద్యపత్రికలను ప్రతిసాయంకాలము ఆయన యింటికి చేర్చెడివారు. భోజనానంతరము ఆయన పెన్సిలు చేతబట్టి ఒక్కొక్క సంచికను తిరుగవేసి, సూచికకెక్కవలసిన వ్యాసములకు గురుతు పెట్టెడివాడు. మరునాడు గుమాస్తాలు గురుతు పెట్టిన వానిని చీట్లపై ఎక్కించెడివారు. ఆ చీట్లు వేలు, లక్షలై వర్ణక్రమమున పేరుకొనెను. ఇంగ్లండు నుండి వచ్చి స్థిరపడిన రాబర్ట్ ఫ్లెచర్ అను వైద్యుడు 1876 నుండి ఆయనకు కుడిభుజమై నిలిచెను. అచ్చుప్రతులను అక్షరమక్షరము సరిచూచుటలో ఫ్లెచర్ శ్రద్ధ లేనిచో ఆ సంపుటములపై అంతటి నమ్మిక కుదిరెడిది కాదు. ఏటికొక సంపుటము చొప్పున 1895 నాటికి పదునారు సంపుటములతో మొదటి శ్రేణి పూర్తియయ్యెను. అందు పత్రికా వ్యాసములే ఐదులక్షలకు పైగా కలవు.

వర్ణక్రమ సూచికలో ఒక కష్టము గలదు. కలరా అను శీర్షిక గల మూడవ సంపుటము 1882లో అచ్చుపడెను. రాబర్ట్ కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈజిప్టులోను, మన కలకత్తాలోను పరిశోధించి ఆ రోగకారకమైన సూక్ష్మజీవిని నిర్ధారించినది 1883-84లలో. అచ్చుయంత్రము ఆ అక్షరమును దాటిపోయెను. ఆ నూతన వ్యాసములకు ఇందు చోటు దొరకవలెనన్న 1896లో మొదలైన రెండవ శ్రేణి మరల ఆ అక్షరమునకు వచ్చువరకు వేచియుండవలసినదే. బిల్లింగ్స్ దీనిని ముందే గ్రహించియుండెను. కావుననే 1879 జనవరి నుండి ఫ్లెచర్‌తో కలిసి ఇండెక్స్ మెడికస్ అను మాసపత్రికను వెలువరించెను. నెలనెల లోకములో వెలువడు క్రొత్త వైద్యరచనలు విషయవిభాగముతో అందు చేరెడివి. చందాదారులు చాలక అది 1899లో ఆగెను. 1903లో వాషింగ్టన్ కార్నెగీ సంస్థ ధనసాయముతో మరల ప్రారంభమైనప్పుడు, ఎనుబదవయేట సంపాదకభారము వహించినవాడు ఆ ఫ్లెచరే.

1881లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో బిల్లింగ్స్ వైద్యవాఙ్మయమును గూర్చి ప్రసంగించెను. అచ్చగుచున్నదానిలో నిజముగా క్రొత్తది స్వల్పమేనని ఆయన మొగమోటము లేక చెప్పెను. లక్షల వ్యాసములు చూచినవానికి ఆ మాట చెప్పుటకు అధికారము కలదు. అయినను ఆ స్వల్పమును ఊకలోనుండి వేరుచేయుటకే సూచిక కావలెనను విశ్వాసము ఆయనకు సడలలేదు.

ఆయన చేసిన ఇతర కార్యములు వేరొకని జీవితమునకు చాలినవి. బాల్టిమోర్‌లో 1889లో తెరువబడిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి గాలి, వెలుతురు, శుభ్రతలను ముందుంచుకొని రూపకల్పన చేసెను. దానికి ఆస్లర్ మహావైద్యుని ఎన్నుకొన్న తీరు వినదగినది. ఫిలడెల్ఫియాలో ఆయన గదికి పోయి, కూర్చుండనైన కూర్చుండక, వైద్యవిభాగపు బాధ్యత తీసికొందురా యని అడిగెను. ఆస్లర్ సరేయనెను. బిల్లింగ్స్ సెలవు పుచ్చుకొని వెడలిపోయెను. మాటలయందు ఆయన పొదుపు అట్టిది.

జనాభా లెక్కలలో జననమరణ వివరములను కూర్చు పనిలోను ఆయన పాలుపంచుకొనెను. గుమాస్తాలు చేతితో గీతలు గీచి లెక్కించుచుండుట చూచి, ఒక్కొక్క మనిషి వివరములను ఒక్కొక్క అట్టముక్కపై రంధ్రములుగా పొడిచినచో యంత్రమే లెక్కింపగలదని హర్మన్ హోలరిత్ అను యువ ఇంజనీరునకు సూచించెను. హోలరిత్ ఆ యంత్రమును నిర్మించెను. 1890 జనాభా లెక్కలకు అది వాడబడెను. ఆయన స్థాపించిన సంస్థయే ఇతర సంస్థలతో కలిసి 1924లో ఐ.బి.ఎం. అను పేరు ధరించెను.

1895లో సైనికసేవ విరమించిన బిల్లింగ్స్ మరుసటి యేడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి తొలి డైరెక్టరుగా నియమితుడయ్యెను. ఐదవ అవెన్యూలోని దాని మహాభవనమునకు తొలి చిత్తుపటము గీచినది ఆయనయే. అది 1911లో తెరువబడెను. 1912లో భార్య మరణించెను. 1913 మార్చి 11వ తేదీన, ఒక శస్త్రచికిత్స పిదప న్యుమోనియా సోకి ఆయన దేహము చాలించెను. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానములో సమాధి చేయబడెను. అమెరికా దేశము వైద్యలోకమునకిచ్చిన కానుకలలో మత్తుమందుకంటెను మిన్నయైనది ఈ గ్రంథాలయమును, దాని సూచికయునని విలియం వెల్చ్ వంటి పండితుడు తీర్మానించెను.

ఆ గ్రంథాలయము 1956లో జాతీయ వైద్య గ్రంథాలయమయ్యెను. 1964లో దాని సూచిక కంప్యూటరునకెక్కెను. 1997 నుండి పబ్‌మెడ్ అను పేర ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. కాని మెడ్‌లైన్ వ్యాససూచిక వెనుకకు పోయినది 1940ల నడుమవరకే. అంతకుముందు కాలపు వ్యాసములు కావలసినవారు నేటికిని బిల్లింగ్స్ చీట్లనే ఆశ్రయింపవలెను. అప్పుడు వెదకువాడు నేటి పేరును మరచి నాటి పేరును తలచుకొనవలెను. క్షయను గూర్చిన వ్యాసములలో అధికభాగము తొలి శ్రేణిలో థైసిస్ అను పాత పేరుక్రింద నుండును; ఆ మాట తెలియనివానికి వందల వ్యాసములు కంటబడవు. 1961 వరకు ఐదు శ్రేణులుగా సాగి అరువదియొక సంపుటములైన ఆ ఇండెక్స్ కేటలాగ్, ముప్పదియేడు లక్షలకు మించిన పేర్లతో, 2004లో కంప్యూటరు ద్వారా వెదకుటకు వీలుగా విడుదలయ్యెను. ఇండెక్స్ మెడికస్ కాగితముపై అచ్చగుట నిలిచిపోయినదియు ఆ సంవత్సరముననే.