వరదకు మూలం వెతికిన ఇంజినీరు

వానాకాలంలో మీ కాలేజీ రోడ్డు ఎన్నిసార్లు మునిగింది? ప్యాంటు మడిచి, చెప్పులు చేత పట్టుకుని దాటే ఉంటారు. మున్సిపాలిటీని నాలుగు మాటలు అనుకుని, ఇంటికెళ్లి మళ్లీ నోటిఫికేషన్లు చూసుకుని ఉంటారు. ఉద్యోగం వస్తే ఈ ఊరు వదిలేద్దామనీ అనిపించి ఉంటుంది. అందులో తప్పేం లేదు. కానీ ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ఎప్పుడైనా ఆరా తీశారా? అలా ఆరా తీసి ఒక మహానగరానికి దారి చూపిన ఇంజినీరు మీకు తెలిసినవారే. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్స్ డే జరుపుకునేది ఆయన పుట్టినరోజు నాడే. 1861లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది మన ప్రకాశం వైపున్న మోక్షగుండం. ఇంటిపేరు అలా వచ్చిందే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బీఏ పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణేలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరారు. సింధ్‌లోని సక్కర్ పట్టణానికి మంచినీళ్లు, ఖడక్‌వాస్లా జలాశయానికి వాటంతటవే తెరుచుకునే గేట్లు అక్కడ ఉండగా చేసిన పనులే.

1908లో ఆ కొలువు వదిలి విదేశాల్లో పర్యటిస్తుండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపొచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

1909లో విశ్వేశ్వరయ్య వచ్చారు. మనమైతే ఏమనుకుంటాం? నది ఒడ్డున ఎత్తుగా గోడ కడితే చాలనుకుంటాం. ఆయన మాత్రం వర్షపాతం లెక్కలు తెప్పించి, నగరానికి ఎగువన ఏం జరిగిందో చూశారు. మూసీకి నీళ్లొచ్చే ఆ ప్రాంతంలో 788 చెరువులున్నాయి. వాటిలో 221 తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఊరు మునగడానికి కారణం ఊరి బయట ఉందన్నమాట.

అందుకే పరిష్కారం కూడా ఎగువనే వెతికారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్నారు. నగరానికి మురుగునీటి పారుదల పథకమూ తయారుచేశారు. ఆ ఏడాది చివర్లోనే మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. 1912లో అక్కడే దివాన్ అయ్యారు. ఇక్కడ ఆయన చెప్పిన పని ఇతర ఇంజినీర్లు అందుకున్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరం తరతరాలుగా ఆ నీళ్లు తాగింది. 1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్య, వందేళ్లు నిండాక 1962లో కన్నుమూశారు.

అయినా కథ అయిపోలేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడూ చెరువులు తెగాయి. జలాశయాలకు దిగువన, నగరం మధ్యలో ఉన్న చెరువులు, నాలాల సంగతి చూసేవాళ్లు కావాలి. మీ ఊళ్లోనూ అంతే.

సివిల్ చదువుతున్నారా? మున్సిపల్ ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్ మీ ముందున్న దారులే. కంప్యూటర్స్ వాళ్లైతే జీఐఎస్ మ్యాపులు నేర్చుకోవచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం నెట్‌లో ఎవరిదో కాపీ కొట్టడం దేనికి? మీ వీధిలో పడ్డ వాన ఏ కాలువలోంచి ఏ చెరువుకు పోవాలో, ఎక్కడ అడ్డం పడిందో నడిచి చూడండి. పెద్దవాళ్లను అడిగి పాత చెరువుల పేర్లు రాసుకోండి. మ్యాపు గీసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. రేపు ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, తడుముకోకుండా చెప్పడానికి మీరు చేసిన పని ఒకటుంటుంది. ఉద్యోగం ఏ ఊళ్లో వచ్చినా సరే, ఆ మ్యాపు మాత్రం మీ ఊరికి మిగులుతుంది.