పెరట్లో పుట్టిన ఒలింపిక్స్

బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలను నాలుగు గోడల మధ్య ఉంచడమే మేలని డాక్టర్లు, బడులు, ఇరుగుపొరుగు అందరూ నమ్మిన రోజుల్లో, వాళ్లను మైదానంలోకి తీసుకొచ్చిన మహిళ యూనిస్ కెన్నెడీ ష్రైవర్. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో సాగుతున్న స్పెషల్ ఒలింపిక్స్‌కు ఆమె ఇంటి పెరడే పునాది. ఆ ఆలోచనకు పునాది మాత్రం అంతకన్నా లోతున, ఆమె అక్క జీవితంలో ఉంది.

తొమ్మిది మందిలో ఒకరు

యూనిస్ 1921 జూలై 10న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం బ్రూక్‌లైన్‌లో పుట్టారు. తండ్రి జోసెఫ్ కెన్నెడీ పెద్ద వ్యాపారి, తల్లి రోజ్. తొమ్మిది మంది సంతానంలో యూనిస్ ఐదో బిడ్డ. అన్న జాన్ కెన్నెడీ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. ఆ ఇంట్లో ఆటంటే గెలవాలి, చదువంటే ముందుండాలి. వెనకబడటం ఆ కుటుంబానికి తెలియని సంగతి.

అలాంటి ఇంట్లో 1918లో పుట్టిన పెద్దక్క రోజ్‌మేరీకి నడక, మాట, చదువు అన్నీ ఆలస్యమయ్యాయి. కాన్పు సమయానికి డాక్టరు చేరుకోలేదు. ఆయన వచ్చేదాకా బిడ్డ బయటికి రాకుండా ఆపి ఉంచారని, దెబ్బ అక్కడే తగిలిందని కుటుంబ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. బడులు మార్చారు, ఇంట్లో టీచర్లను పెట్టారు. ఎన్ని చేసినా తోబుట్టువులతో సమానంగా చదవడం ఆమెకు సాధ్యం కాలేదు.

ఆటల్లో మాత్రం రోజ్‌మేరీ చెల్లెలికి తోడు. ఇద్దరూ కలిసి ఈత కొట్టేవారు, పడవ నడిపేవారు, టెన్నిస్ ఆడేవారు. పుస్తకం ముందు కూర్చుంటే తడబడే అక్క, నీళ్లలో దిగితే తడబడదని యూనిస్ చిన్నప్పుడే చూశారు. తర్వాత ఆమె చేసిన పనులన్నింటికీ మూలం ఈ చిన్న గమనింపే.

ఇంట్లో ఎవరూ మాట్లాడని విషయం

వయసు వచ్చాక రోజ్‌మేరీకి కోపతాపాలు ఎక్కువయ్యాయి. కుటుంబానికి చెడ్డపేరు వస్తుందని తండ్రి భయపడ్డారు. 1941లో, ఆమెకు 23 ఏళ్లున్నప్పుడు, భార్యకు కూడా ముందుగా చెప్పకుండా లోబోటమీ అనే మెదడు శస్త్రచికిత్స చేయించారు. అప్పట్లో కొందరు డాక్టర్లు దాన్ని కొత్త వైద్యంగా మెచ్చుకునేవారు. ఫలితం ఘోరంగా వచ్చింది. నడుస్తూ, మాట్లాడుతూ, డాన్సు చేస్తూ ఉండిన అమ్మాయి నడక పోయింది, మాట పోయింది. కొన్నేళ్ల తర్వాత ఆమెను విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక క్రైస్తవ సంరక్షణాలయంలో ఉంచారు. తోబుట్టువులకు అసలేం జరిగిందో చాలాకాలం తెలియలేదు. ఇంట్లో ఆమె పేరే వినపడటం మానేసింది.

ఇది డబ్బు లేని ఇంటి కథ కాదు. దేశంలోకెల్లా పేరున్న డాక్టర్లను పిలిపించగల ఇంట్లోనే ఇలా జరిగింది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఎంత పని చేయిస్తుందో రోజ్‌మేరీ జీవితం చెబుతుంది.

యూనిస్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదివారు. తర్వాత ప్రభుత్వంలో బాల నేరస్థుల సమస్యపై పనిచేశారు. వెస్ట్ వర్జీనియాలోని మహిళా జైలులో, ఆపైన షికాగో బాలల కోర్టులో సామాజిక కార్యకర్తగా ఉన్నారు. ఎవరికీ పట్టని మనుషుల మధ్య పనిచేయడం అక్కడే అలవాటైంది. 1953లో సార్జెంట్ ష్రైవర్‌ను పెళ్లాడారు. ఐదుగురు పిల్లలు పుట్టారు.

యుద్ధంలో చనిపోయిన పెద్దన్న పేరిట కుటుంబం 1946లో ఒక ఫౌండేషన్ పెట్టింది. 1957లో దాని బాధ్యత యూనిస్ చేతికి వచ్చింది. ఆ డబ్బును మేధో వైకల్యంపై పరిశోధనకు, శిక్షణకు మళ్లించారు. అన్న అధ్యక్షుడయ్యాక 1961లో ఈ విషయంపై జాతీయ కమిటీ వేయించారు. 1962లో బాలల ఆరోగ్యంపై పరిశోధనకు జాతీయ సంస్థ ఏర్పడటానికీ ఆమె పట్టుదలే కారణం. ఆ సంస్థకు తర్వాత ఆమె పేరే పెట్టారు.

అదే ఏడాది సెప్టెంబరులో ఒక పెద్ద వారపత్రికలో తన అక్క సంగతి ఆమె బాహాటంగా రాశారు. అధ్యక్షుడి సొంత చెల్లెలికి మేధో వైకల్యం ఉందని దేశమంతా చదివింది. తమ బిడ్డ సంగతి దాచుకుంటూ బతుకుతున్న ఎన్నో ఇళ్లకు అది పెద్ద ఊరట.

శిబిరం ఎలా నడిచింది?

బరంపురంలో వైద్య కళాశాల మొదలైన 1962లోనే యూనిస్ తన శిబిరం మొదలుపెట్టారు. తన బిడ్డను ఏ వేసవి శిబిరమూ చేర్చుకోవడం లేదని ఒక తల్లి ఫోన్ చేయడం అందుకు కారణమైంది. మేరీలాండ్‌లో వాషింగ్టన్‌కు దగ్గరున్న తన సొంత ఇంటి పెరట్లోనే జూన్ నెలలో శిబిరం తెరిచారు. దాదాపు 35 మంది పిల్లలు వచ్చారు. ఈత, బంతాట, గుర్రపు స్వారీ, తాళ్లు ఎక్కడం నేర్పించారు.

ఆ శిబిరంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. నేర్పినవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు, కాలేజీ విద్యార్థులు. దాదాపు ఒక్కో పిల్లవాడికి ఒక్కో తోడు. యూనిస్ సొంత పిల్లలూ వాళ్లతోనే ఆడారు. ఆమె గట్టున కూర్చుని చూడలేదు, స్వయంగా నీళ్లలో దిగి ఈత నేర్పారు. ఈ పిల్లలు గొడవ చేస్తారని, దెబ్బలు తగిలించుకుంటారని ముందు భయపడినవాళ్లు తర్వాత సర్దుకున్నారు. తర్వాతి వేసవుల్లో ఇలాంటి శిబిరాలు పెట్టే సంస్థలకు ఫౌండేషన్ సొమ్ము ఇచ్చింది.

ఆ రోజుల్లోనే కెనడాకు చెందిన ఫ్రాంక్ హేడెన్ అనే వ్యాయామ శాస్త్రవేత్త ఒక ముఖ్యమైన సంగతి తేల్చారు. ఈ పిల్లల ఒంట్లో సత్తువ తక్కువగా ఉండటానికి వాళ్ల వైకల్యం అసలు కారణం కాదు. ఎవరూ ఆడనివ్వకపోవడమే కారణం. సాధన చేయిస్తే బలం పెరుగుతుంది, ఓపిక పెరుగుతుంది. యూనిస్ పెరట్లో చూసినదానికి ఆ పరిశోధన రుజువైంది. హేడెన్ తర్వాత ఫౌండేషన్‌లో చేరారు.

1968 జూలై 20, షికాగో

షికాగో పార్కుల విభాగంలో ఈ పిల్లలకు వ్యాయామం నేర్పే ఆన్ మెక్‌గ్లోన్ అనే యువ ఉపాధ్యాయిని నగర స్థాయిలో పరుగు పందేలు పెడదామని ఫౌండేషన్‌ను సాయం అడిగారు. యూనిస్ ఒక నగరంతో ఆగవద్దని, దేశమంతటినీ పిలవమని చెప్పి 25 వేల డాలర్లు ఇప్పించారు. ఆ ఉపాధ్యాయినే ఆన్ బర్క్ పేరుతో తర్వాత ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1968 జూన్‌లో యూనిస్ తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ హత్యకు గురయ్యారు. అన్న జాన్ హత్య జరిగి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు. రాబర్ట్ పోయిన ఆరు వారాలకే, జూలై 20న, షికాగో సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో ఆమె తొలి స్పెషల్ ఒలింపిక్స్‌ను ప్రారంభించారు. 26 రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ సుమారు వెయ్యి మంది క్రీడాకారులు వచ్చారు. అంత పెద్ద స్టేడియంలో చూడవచ్చినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. అయినా ఆమె అక్కడే ఈ ఆటలు ఇకముందూ సాగుతాయని ప్రకటించారు. 1977లో శీతాకాల క్రీడలు చేరాయి. 1988లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు వచ్చింది. 2003లో ప్రపంచ వేసవి క్రీడలు తొలిసారి అమెరికా దాటి ఐర్లాండులోని డబ్లిన్‌లో జరిగాయి.

సమ ఉజ్జీల పోటీ

స్పెషల్ ఒలింపిక్స్‌లో అందరినీ ఒకే గీత మీద నిలబెట్టరు. ముందుగా ఒక పరుగు పెట్టి సమయం చూస్తారు. ఆడ, మగ, వయసు, వేగం చూసి జట్లుగా విడదీస్తారు. ఒక జట్టులో అందరికన్నా వేగం గలవాడికీ నెమ్మదైనవాడికీ తేడా దాదాపు 15 శాతం మించకుండా చూస్తారు. 100 మీటర్లు 20 సెకన్లలో పరిగెత్తే పిల్లవాడు 22, 23 సెకన్ల వాళ్లతో పోటీ పడతాడు. 40 సెకన్లు పట్టేవాడికి అదే స్థాయి వాళ్లు వేరే ఉంటారు. అందుకే ప్రతి పందెంలోనూ నిజమైన పోటీ ఉంటుంది, ఎవరైనా గెలవొచ్చు. మొదటి ముగ్గురికి పతకాలు, మిగతావాళ్లకు రిబ్బన్లు. పోటీకి ముందు సాధన తప్పనిసరి. ఎనిమిదేళ్లు నిండితే పోటీల్లోకి రావచ్చు, పైవయసుకు హద్దు లేదు. క్రీడాకారుల నుంచి రుసుము తీసుకోరు.

విమర్శలూ వచ్చాయి. వీళ్లను విడిగా ఆడిస్తే లోకం నుంచి మరింత దూరం చేసినట్టే కదా అని కొందరు అడిగారు. గీత దాటగానే కౌగిలించుకోవడానికి మనుషులను నిలబెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది. పెద్దవాళ్లను కూడా పసిపిల్లల్లా చూడటం తగదన్న మాట వచ్చాక అది తగ్గింది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టులో ఆడే యూనిఫైడ్ ఆటలు 1980లలో మొదలయ్యాయి. యూనిస్ తొలి శిబిరంలో జరిగింది కూడా ఇలాంటిదే.

చివరి రోజులు

తండ్రి పక్షవాతంతో పడిపోయాక, తర్వాతి ఏళ్లలో యూనిస్ అక్కను మళ్లీ కుటుంబంలోకి తెచ్చారు. రోజ్‌మేరీ 2005లో, 86 ఏళ్ల వయసులో, తోబుట్టువుల మధ్య కన్నుమూశారు. యూనిస్ 2009 ఆగస్టు 11న 88 ఏళ్ల వయసులో మరణించారు. అంత్యక్రియల్లో స్పెషల్ ఒలింపిక్స్ క్రీడాకారులూ నడిచారు. అదే ఏడాది వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలో పెట్టిన ఆమె చిత్రంలో ఆమె ఒంటరిగా లేరు. సముద్రపు ఒడ్డున ఆ క్రీడాకారుల మధ్య నిలబడి ఉన్నారు.

మన బడుల సంగతి

మన దేశంలో ఈ పనిని స్పెషల్ ఒలింపిక్స్ భారత్ నడుపుతోంది. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో మనవాళ్లు 202 పతకాలు తెచ్చారు. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాదులో ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం, వైకల్యం 40 శాతానికి తక్కువ కాకుండా ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. మిగతావాళ్లతో సమానంగా ఆటల్లో పాల్గొనే అవకాశం కల్పించడం బడి బాధ్యతే.

గంజాం, బరంపురం తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య ఆలస్యంగా నోరు విప్పే పిల్లవాడిని మందబుద్ధి అనడానికి తొందరపడకూడదు. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి బుద్ధి తక్కువని ముద్ర వేశారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో చాలామంది మామూలు పిల్లలేనని తేలింది. 1970లో కేసు కోర్టుకెక్కాక, ఇంటి భాషలోనే పరీక్షించాలని ఒప్పుకోవాల్సి వచ్చింది. మన పిల్లలకూ తెలుగులో పరీక్ష అడగడం తల్లిదండ్రుల హక్కని గుర్తుంచుకోవాలి. అలాగే నిజంగా వైకల్యం ఉన్న బిడ్డను భాష సమస్యేనని సరిపెట్టుకుని ఏళ్లు పోగొట్టడమూ తప్పే.

మైదానంలో భాష ఇంతగా అడ్డురాదు. చెప్పేకంటే చేసి చూపిస్తే ఈ పిల్లలు త్వరగా పట్టుకుంటారు. ఒక్కో పనిని చిన్న ముక్కలుగా విడగొట్టాలి. బంతి పట్టడం, గురి చూడటం, విసరడం ఒక్కొక్కటిగా నేర్పాలి. రోజూ అదే సమయం, అదే చోటు ఉంటే మంచిది. పై తరగతి విద్యార్థిని ఒక్కో బిడ్డకు తోడుగా ఇవ్వాలి. మొదటి రోజు ఎంత దూరం పరిగెత్తాడో పుస్తకంలో రాసుకుంటే, రెండు నెలలకు ఎంత మారాడో అమ్మానాన్నలకు చూపించవచ్చు. మన కోస్తా ఉక్కపోతలో సాధన పొద్దున్నే పెట్టుకోవాలి, మంచినీళ్లు దగ్గరుంచాలి. మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటే ముందే తెలుసుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి కాబట్టి, పల్టీలు, తలకిందులుగా దూకడం, బరువులెత్తడం డాక్టరును అడగకుండా చేయించకూడదు.

బరంపురానికి ఆటలు కొత్త కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ ఈ ఊరివారే. స్పెషల్ ఒలింపిక్స్‌లోనూ బరువులెత్తే పోటీ ఉంది. సెలవుల తర్వాత బడులు తెరుచుకుని కుదుటపడే సమయానికి జూలై 20 వస్తుంది. బడి ఆవరణ, ఒక డ్రిల్లు మాస్టారు, పది మంది పై తరగతి పిల్లలు ఉంటే ఆ రోజు మొదటి సాధన పెట్టవచ్చు. ఇక మిగిలింది ఇంట్లో కూర్చున్న బిడ్డను అమ్మానాన్నలు చేయి పట్టుకుని తీసుకురావడమే.