బా కట్టిన చీరలు

మన మండలంలో కస్తూర్బా స్కూలు అంటే తెలియని ఇల్లు లేదు. మన సంఘ సభ్యుల ఆడపిల్లలు చాలామంది అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మొన్న గ్రామ సంఘం మీటింగులో ఒక పెద్దమ్మ అడిగింది, ఆ కస్తూర్బా ఎవరమ్మా, గాంధీగారి భార్యేనా, ఇంతకీ ఆమె ఏం చేసింది అని. భార్యే అని చెప్పాను గానీ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే చదివి తెలుసుకుని ఈ ఏడాది నివేదికలో రాస్తున్నాను. మనలో చాలామందిమి కుట్టుమిషను మీద బతుకుతున్నవాళ్లం కాబట్టి ఆమె బట్టల సంగతులే ఎక్కువ రాశాను. ఏమీ అనుకోవద్దు.

కస్తూర్బా గారు 1869లో గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో పుట్టారు. తండ్రి వ్యాపారి, కలిగిన కుటుంబం. అయినా బడికి పంపలేదు. 13 ఏళ్లకే పెళ్లి చేశారు. గాంధీగారి కన్నా ఆమే కొన్ని నెలలు పెద్ద. పెళ్లయ్యాక ఆయన చదువు చెప్పాలని చూశారు గానీ, పెద్దవాళ్ల ముందు పగలు భార్యాభర్తలు మాట్లాడుకోవడమే తప్పు అనుకునే ఇల్లు. ఇక చదువు ఎక్కడ సాగుతుంది? నలుగురు కొడుకులు పుట్టారు. గుజరాతీలో బా అంటే అమ్మ, తర్వాత అందరూ ఆమెను బా అనే పిలిచారు.

1896 చివర్లో భర్తతో కలిసి దక్షిణాఫ్రికాకు ఓడ ఎక్కారు. దొరల దేశంలో మర్యాదగా కనబడాలని గాంధీగారు ఆమెకు పార్సీ ఆడవాళ్ల పద్ధతిలో చీర కట్టించారు, కాళ్లకు బూట్లు, మేజోళ్లు తొడిగించారు. అలవాటు లేని కాళ్లకు బూట్లు కరిచాయి, మేజోళ్లు చెమటకు కంపు కొట్టాయి. అయినా తీయడానికి వీల్లేదు. ఈ సంగతి గాంధీగారే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. ఆ మనిషే తర్వాత ముతక ఖద్దరు కట్టమన్నారంటే నాకు నవ్వొచ్చింది. రెండుసార్లూ బట్ట ఆయన ఇష్టం, కట్టుకోవలసింది మాత్రం ఆమె.

1901లో ఇండియాకు తిరిగి వస్తుంటే అక్కడి మనవాళ్లు బంగారం, వెండి కానుకలు ఇచ్చారు. అందులో ఒక బంగారు హారం బా కోసం ఇచ్చినది, 50 గినీల ఖరీదు. సేవకు కూలీ తీసుకోకూడదని గాంధీగారు అన్నీ వెనక్కి ఇవ్వాలన్నారు. ముందు పిల్లలను ఒప్పించి, తర్వాత ఆమె దగ్గరకు వచ్చారు. ఆమె ఏడ్చారు, గట్టిగానే వాదించారు. తను పెట్టుకోకపోయినా రేపు కోడళ్లకు కావాలి కదా అన్నారు. రాత్రీ పగలూ ఆయన ఇంటికి, ఆయన చుట్టూ వచ్చే జనానికి చాకిరీ చేశానే, అది సేవ కాదా అని అడిగారు. చివరికి ఆయన మాటే నెగ్గింది, నగలు ప్రజల పనికోసం ట్రస్టుకు పోయాయి. అక్కల్లారా, నాకైతే ఆమె అడిగింది సబబుగానే అనిపించింది. ఇంటి చాకిరీకి లెక్క కట్టేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

కానీ ఆమె భర్త వెనకాలే నడిచిన మనిషి అనుకుంటే పొరపాటు. 1913లో దక్షిణాఫ్రికా కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం మన పెళ్లిళ్లు అక్కడ చెల్లవు. అంటే భార్య భార్య కాదు, పిల్లలకు హక్కు లేదు. బా సత్యాగ్రహంలోకి దిగి మూడు నెలలు కఠిన జైలుశిక్ష అనుభవించారు. బయటికి వచ్చేసరికి ఎముకల గూడు అయ్యారు.

1917లో బీహార్‌లోని చంపారన్‌కు వెళ్లారు, నీలిమందు రైతుల గొడవ జరుగుతున్న చోటు. భితిహర్వా దగ్గరి ఒక చిన్న పల్లెలో ఆడవాళ్ల బట్టలు మాసిపోయి ఉన్నాయని, ఎందుకు ఉతుక్కోరో అడగమని గాంధీగారు ఆమెకు చెప్పారు. ఒక ఆమె బాను తన గుడిసెలోకి తీసుకెళ్లి చూపించింది. పెట్టె లేదు, బట్టల మూట లేదు. ఒంటి మీద ఉన్న చీర ఒక్కటే. ఇది ఉతికితే ఏం కట్టుకోను, మహాత్ముడినే ఇంకో చీర ఇప్పించమను, రోజూ స్నానం చేసి శుభ్రంగా ఉంటాను అంది. బా దగ్గర దానికి జవాబు లేదు.

తర్వాత సబర్మతి ఆశ్రమంలోకి రాట్నం వచ్చింది. అది కూడా ఒక ఆడమనిషి వెతికి తెచ్చిందే. గంగాబెన్ మజుందార్ అనే ఆమె తిరిగి తిరిగి బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో ఇళ్ల అటకల మీద పడి ఉన్న రాట్నాలను కనిపెట్టారు. బా రోజూ వడికేవారు. 1922లో గాంధీగారికి ఆరేళ్ల శిక్ష పడినప్పుడు ఆమె దేశానికి ఒక ప్రకటన ఇచ్చారు. ఏడవమని కాదు, విదేశీ బట్ట మానమని, ఆడవాళ్లందరూ నూలు వడకమని.

వడకడం అంటే ఎంత పనో కొంచెం లెక్క వేద్దాం. ఒక చిలప అంటే 840 గజాల దారం. 20 నంబరు నూలు అయితే పౌను బరువుకు 20 చిలపలు. అరకిలో చీర కావాలంటే 22 చిలపలు, అంటే దాదాపు 17 కిలోమీటర్ల దారం. గంటకు 300 గజాలు తీసినా 60 గంటల పైనే. రోజుకో గంట కూర్చుంటే రెండు నెలలు. నేత కూలీ మళ్లీ వేరే.

ఇది ఎందుకు చెప్పానంటే, గాంధీగారు తన చేత్తో వడికిన నూలుతో నేసిన చీర ఒకటి బా దగ్గర ఉండేది. అది చివరి రోజుకని దాచుకున్నారు. ముందు ఆమెకు బూట్లు తొడిగించిన మనిషి, హారం తీసేయించిన మనిషి, ఇన్ని గంటలు కూర్చుని వడికిన నూలు అది.

1942 ఆగస్టులో ఇద్దరినీ పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో బంధించారు. అక్కడ 70 దాటిన వయసులో ఆయన ఆమెకు మళ్లీ గుజరాతీ, భూగోళం చెప్పేవారు, ఆమె నేర్చుకునేవారు. గుండె జబ్బు ముదిరింది. 1944 ఫిబ్రవరి 22, శివరాత్రి రోజు సాయంత్రం భర్త ఒడిలోనే కన్నుమూశారు. ఆ చీరే కట్టి, ఆ ఆవరణలోనే దహనం చేశారు. బూడిదలో ఆమె చేతి గాజులు పగలకుండా దొరికాయని చెబుతారు.

ఆమె పేరు మీద పల్లెల్లోని ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం 75 లక్షలు పోగు చేయాలనుకుంటే కోటి దాటింది. ఆ డబ్బుతో పెట్టిన కస్తూర్బా ట్రస్టు ఇప్పటికీ ఉంది, హైదరాబాద్ దగ్గర హైదర్‌షాకోట్‌లో కూడా ఒకటి నడుస్తోంది. ఆ పెద్దమ్మకు వచ్చే మీటింగులో ఇదంతా చదివి వినిపిస్తాను.