మనోవ్యాధికి పేరు పెట్టిన పల్లెటూరి వైద్యుడు – యూజెన్ బ్లూలర్

నేడు ప్రపంచమంతటా స్కిజోఫ్రీనియా అని పిలుస్తున్న మనోవ్యాధికి ఆ పేరు పెట్టిన మహనీయుడు యూజెన్ బ్లూలర్. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరానికి సమీపాన గల జోలికాన్ గ్రామంలో, 1857 ఏప్రిల్ 30న, ఒక రైతు కుటుంబంలో ఆయన జన్మించారు.

ఆ రోజుల్లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్లి మానసిక వైద్యశాలలో పెద్ద వైద్యులుగా జర్మనీ నుండి వచ్చినవారు ఉండేవారు. చుట్టుపక్కల పల్లె ప్రజలు మాట్లాడే యాస వారికి అర్థమయ్యేది కాదు. మతి చలించినవాని మాటలు అసలే పొంతన లేనివి. ఆ మాటల భాష కూడా తెలియని వైద్యునికి రోగి గోడు ఎట్లు బోధపడునని రైతులు వాపోయేవారు. బ్లూలర్ తోబుట్టువు ఒకామె కూడా తీవ్రమైన మనోవ్యాధికి లోనయింది. ఊరి వేదన, ఇంటి వేదన రెండూ చూస్తూ పెరిగిన ఆయన వైద్యవిద్య నభ్యసించి మానసిక వైద్యుడయ్యారు.

1886లో రైనావు వైద్యశాలకు అధిపతి అయ్యారు. ఏళ్ళ తరబడి పడి ఉన్న దీర్ఘరోగులు అక్కడ ఎక్కువ. పన్నెండేళ్ళపాటు ఆయన వారి మధ్యనే నివసించి, వారితో కలిసి పనిచేస్తూ, వారి యాసలోనే మాట్లాడుతూ, వారు చెప్పినదెల్ల శ్రద్ధగా విన్నారు. 1898లో బుర్గ్‌హోల్జ్లికి అధిపతి అయి 1927 వరకు ఆ పదవిలో ఉన్నారు. వ్యాధిగ్రస్తురాలైన సోదరిని తన ఇంటనే ఉంచుకొని పోషించారు.

అంతకు ముందు జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ ఈ వ్యాధిని చిన్న వయసులోనే బుద్ధిని క్షీణింపజేసే రోగంగా వర్ణించారు. బ్లూలర్ అనుభవం వేరు. అందరూ క్షీణించరు, కొందరు కోలుకుంటారు, వ్యాధి ఎప్పుడూ చిన్న వయసులోనే మొదలు కాదు అని ఆయన గ్రహించారు. 1908లో బెర్లిన్‌లో చేసిన ప్రసంగంలో స్కిజోఫ్రీనియా అనే పదాన్ని ప్రతిపాదించి, 1911లో దానిపై గ్రంథం ప్రచురించారు. గ్రీకు భాషలో చీలిక, మనస్సు అనే రెండు పదాల కలయిక అది. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండటమని దాని అర్థం కాదు. ఆలోచన, భావోద్వేగం, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొసగకుండా పోవడమని అర్థం. ఇది ఒకే వ్యాధి కాదు, వ్యాధుల సముదాయమని కూడా ఆయన అన్నారు.

ఆయనలో దోషమూ ఉంది. ఇట్టి రోగులకు సంతానం కలుగకుండా చేయాలన్న ఆనాటి వాదాన్ని ఆయన సమర్థించారు. ఆ వాదం తరువాత ఐరోపాలో ఘోరాలకు దారితీసింది.

వ్యాధికి మూలం శరీరంలోనే ఉండవచ్చునని బ్లూలర్ భావించారు గాని మందు చూడకుండానే 1939లో కన్నుమూశారు. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును రోగులకిచ్చి గుణం కనుగొన్నారు. మెదడులోని డోపమిన్ అనే రసాయనం పనిని అది అదుపు చేస్తుందని తరువాత తెలిసింది. వంశపారంపర్యానికీ పాత్ర ఉంది. అయినా ఒకే పోలిక గల కవలలలో ఒకరికి వ్యాధి ఉంటే రెండవవారికి వచ్చేది సగం కంటే తక్కువ సందర్భాలలోనే. కనుక ఇది తల్లిదండ్రుల పెంపకం తప్పు కాదు, గాలి సోకడమూ కాదు.

నేటికీ ఈ వ్యాధిని పట్టి చూపే రక్తపరీక్ష లేదు. లేని మాటలు వినిపించడం, నిరాధారమైన అనుమానాలు, పొంతన లేని ప్రసంగం వంటి లక్షణాలు నెల రోజులైనా ఉన్నవా అని వైద్యుడు విచారించి, ఇతర కారణాలు లేవని నిర్ధారించుకొని రోగనిర్ణయం చేస్తాడు. ఆ విచారణకు మాటే ఆధారం. ఇంట ఒక భాష, ఆసుపత్రిలో మరొక భాషగా బ్రతికే మన సరిహద్దు కుటుంబాలకు జోలికాన్ రైతుల బాధ కొత్త కాదు. అందువలన రోగి వెంట ఉభయ భాషలు తెలిసిన ఆత్మీయుడొకరు వెళ్ళి, అతడు ఇంట పలికిన మాటలను మార్చకుండా, దాచకుండా వైద్యునికి విన్నవించాలి. చికిత్సకు అదే తొలిమెట్టు.