నలభై నాలుగేళ్లకు మొదలైన సఫర్.. ఒంటరిగా లోకాన్ని చుట్టిన ఇడా ఫైఫర్

1842 మార్చి 22న వియన్నా నగరంలో ఒక మహిళ ఒంటరిగా డాన్యూబ్ నది ఓడ ఎక్కారు. పేరు ఇడా ఫైఫర్. వయసు 44 ఏళ్లు. ఇస్తాంబుల్‌లో ఉన్న స్నేహితురాలిని చూసి వస్తానని అందరికీ చెప్పారు. అసలు వెళ్లాలనుకున్నది జెరూసలేంకు. ఆ సంగతి చెబితే ఇంట్లోవాళ్లు కదలనివ్వరని ఆమెకు తెలుసు. తిరిగి వస్తానో రానో అని బయల్దేరే ముందే వీలునామా కూడా రాసి పెట్టారు.

ఇడా 1797 అక్టోబర్ 14న వియన్నాలోనే పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి, బాగా ఉన్న కుటుంబం. ఐదుగురు అన్నదమ్ముల మధ్య పెరిగిన ఈ అమ్మాయికి తండ్రి మగపిల్లల బట్టలే వేసేవాడు, వాళ్లతో సమానంగానే చూసేవాడు. ఆమెకు తొమ్మిదేళ్లు నిండకముందో, నిండాకో ఆ తండ్రి పోయాడు. తల్లి గౌను వేసుకోమంటే ఇడా బెంగతో మంచం పట్టారు. చివరికి డాక్టర్ మాట విని కొన్నాళ్లు పాత బట్టలే వేసుకోనిచ్చారు. తర్వాత ఇంటికి వచ్చి చదువు చెప్పే మాస్టారిని ఇష్టపడితే, అతనికి ఆస్తి లేదని తల్లి ఒప్పుకోలేదు.

1820లో తనకంటే 24 ఏళ్లు పెద్దవాడైన వకీలు డాక్టర్ ఫైఫర్‌తో పెళ్లి జరిగింది. ఆయనకు అది రెండో పెళ్లి. ప్రభుత్వ అధికారుల అవినీతిని బయటపెట్టినందుకు ఆయనకు ఆ తర్వాత పని దొరకడమే కష్టమైంది. పుట్టింట సుఖంగా పెరిగిన ఇడా, ఇద్దరు కొడుకులకు అన్నం పెట్టడానికి సంగీతం, డ్రాయింగ్ పాఠాలు చెప్పారు. తల్లి చనిపోయాక వచ్చిన వాటాతో పిల్లలను చదివించారు. ఒకసారి కొడుకును తీసుకుని ట్రియెస్టే వెళ్లినప్పుడు మొదటిసారి సముద్రం చూశారు. చిన్నప్పటి కోరిక మళ్లీ లేచింది. కానీ పిల్లలు తమ కాళ్ల మీద నిలబడేదాకా ఆమె ఎక్కడికీ కదలలేదు.

పుస్తకమే పెట్టుబడి

ఆ మొదటి సఫర్ తొమ్మిది నెలలు సాగింది. జెరూసలేం, ఈజిప్ట్, ఇటలీ చూసి వచ్చారు. రోజూ రాసుకున్న డైరీని 1844లో పుస్తకంగా వేస్తే బాగా అమ్ముడుపోయింది. ఆ డబ్బుతోనే 1845లో ఐస్‌లాండ్ వెళ్లి హెక్లా అగ్నిపర్వతం ఎక్కారు. అప్పటి నుంచి ఆమె లెక్క అదే. ఒక ప్రయాణం, దాని మీద ఒక పుస్తకం, ఆ డబ్బుతో మరో ప్రయాణం. దారిలో సేకరించిన పురుగులు, సీతాకోకచిలుకలు, మొక్కలను మ్యూజియాలకు అమ్మేవారు. తక్కువ సామాను, దొరికిన తిండి, చవక బండి. అనవసరంగా ఒక్క నాణెం కూడా ఖర్చు పెట్టేవారు కాదు.

1846లో మొదటి ప్రపంచయాత్ర మొదలైంది. బ్రెజిల్ అడవి దారిలో ఒకడు కత్తితో మీద పడితే, చేతిలో ఉన్న గొడుగు, చిన్న చాకుతోనే ఎదిరించారు. చేతికి గాయాలయ్యాయి. ఇంతలో గుర్రాల మీద మనుషులు రావడంతో ప్రాణం దక్కింది. గాయాలు మానాక వెనక్కి తిరగలేదు. చిలీ, తాహితీ తీరాలు, చైనా, సింహళం దాటి మన దేశానికి వచ్చారు. కలకత్తా, బెనారస్, ఢిల్లీ చూసి, ఎద్దుబండి మీద బొంబాయి దారి పట్టారు. ఆ దారిలోనే అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న ఎల్లోరా గుహలు, దౌలతాబాద్ కోట చూశారు.

1848లో బొంబాయి నుంచి బస్రా, అక్కడి నుంచి బగ్దాద్ చేరుకున్నారు. బగ్దాద్ నుంచి మోసుల్‌కు అరబ్బుల కాఫిలాతో కలిసి ఎడారి దాటారు. భాష రాదు, తెలిసినవాళ్లు ఎవరూ లేరు. రొట్టె, ఖర్జూరాలతో కడుపు నింపుకుని, నేల మీదే పడుకున్నారు. కాఫిలా జనం ఆమెను క్షేమంగా మోసుల్ చేర్చారు. కుర్దిస్తాన్ కొండలు దాటి తబ్రీజ్‌లో దిగినప్పుడు, ఒక్క ఆడమనిషి ఈ దారిన వచ్చిందంటే అక్కడి యూరప్ వాళ్లే నమ్మలేకపోయారు.

ఇడాలో లోపాలు లేకపోలేదు. తను చూసిన జనాన్ని చాలాసార్లు యూరప్ కళ్లతోనే తూచారు, కొందరి గురించి కటువుగా రాశారు. అయితే తన సొంత సమాజం తప్పులు కూడా దాచలేదు.

నరమాంస భక్షకుల మధ్య

1851 నుంచి 1855 వరకు రెండో ప్రపంచయాత్ర. బోర్నియో అడవుల్లో దయాక్ తెగల మధ్య తిరిగారు. సుమత్రాలో బతక్ తెగవాళ్లు మనుషులను తింటారని, వెళ్లొద్దని డచ్చివాళ్లు హెచ్చరించినా కొండల్లోకి వెళ్లారు. వాళ్లు చుట్టుముట్టి చంపుతామని సైగ చేస్తే, వచ్చీరాని వాళ్ల మాటల్లోనే తన ముసలి మాంసం గట్టిగా ఉంటుందని, తినడానికి పనికిరాదని చెప్పారు. వాళ్లు నవ్వేసి వదిలిపెట్టారు.

బెర్లిన్, పారిస్ భౌగోళిక సంఘాలు ఆమెకు గౌరవ సభ్యత్వం ఇచ్చాయి. లండన్ సంఘం మాత్రం తలుపు తీయలేదు. అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు సభ్యత్వమే లేదు.

1857లో మడగాస్కర్ వెళ్లారు. రాణి రణవలోనా దర్బారులో పియానో కూడా వాయించారు. కానీ ఆమె వెంట వెళ్లిన ఫ్రెంచి వ్యాపారి లాంబర్ట్ రాణిని దించే కుట్రలో ఉన్నాడు. కుట్ర బయటపడగానే విదేశీయులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టారు. కొద్ది రోజుల్లో దాటాల్సిన దారిలో, జ్వరాల నేల మీద, సైనికుల కాపలాలో 50 రోజులకు పైగా నడిపించారు. ఆ జ్వరం ఇడాను మళ్లీ వదల్లేదు. 1858 అక్టోబర్‌లో వియన్నాలో, 61 ఏళ్ల వయసులో కన్నుమూశారు. చివరి పుస్తకాన్ని కొడుకు ఆస్కర్ 1861లో అచ్చు వేయించారు.

పదహారేళ్లలో సముద్రం మీద సుమారు 2,40,000 కిలోమీటర్లు, నేల మీద 32,000 కిలోమీటర్లు తిరిగారని లెక్క. ఇల్లు గడిపి, పిల్లలను నిలబెట్టి, ఇక వయసైపోయిందని లోకం అనుకునే సమయంలో ఆమె మొదలుపెట్టిన ప్రయాణం అది. ఆమె తెచ్చిన నమూనాలు కొన్ని ఇప్పటికీ వియన్నా మ్యూజియంలో ఉన్నాయి.