సాలూరి రాజేశ్వరరావు

మనం నివసించే భంజనగర్ పేరులోనే ఒక కవి ఉన్నాడు. ఉపేంద్రభంజుని ఛందస్సులను మన ఒడియా సోదరులు నేటికీ రాగయుక్తంగా పాడుకొంటారు. ఇటువంటి ఊళ్ళో ఉగాది జరుపుకొనే ఆంధ్రులమైన మనం, పొరుగు సంగీతం నేర్చి తెలుగు పాటను పెంచిన ఒక మహనీయుని స్మరించుకొనుట సముచితం.

రాజేశ్వరరావుగారు 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో జన్మించారు. 1936లో ఒరిస్సా వేరుపడే వరకు ఆ గ్రామమూ, మన గంజాం సీమా ఒకే మద్రాసు రాజధానిలోనివి. తండ్రి సన్యాసిరాజుగారు మార్దంగికులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీన కచేరీలలో సహకరించినవారు. చిరుతప్రాయంలోనే గ్రామఫోను రికార్డులకు పాడిన ఈ బాలుడు 1935లో శ్రీకృష్ణలీలలు చిత్రంలో కృష్ణుడైనాడు.

పిమ్మట కలకత్తా చేరి సైగల్ గారి వద్ద హిందుస్థానీ గానం అభ్యసించారు. పంకజ్ మల్లిక్, బోరల్ గార్ల వాద్యగోష్ఠి పద్ధతులను దగ్గరగా చూచారు. సితారు, తబలా మొదలు పియానో వరకు అనేక వాద్యాలు ఆయనకు స్వాధీనమైనాయి.

కచేరీలో వాద్యం గాత్రాన్ని అనుసరిస్తుంది. చిత్రగీతంలో అంతటితో చాలదు. పల్లవికీ చరణానికీ నడుమ ఏ వాద్యం ఎంతసేపు మ్రోగాలో ముందుగా కూర్చుకోవాలి. ఆ విద్యను ఆయన 1940లలో జెమినీ స్టూడియోలో సానబెట్టారు. 1948 నాటి చంద్రలేఖలో మన రాగాలు, పాశ్చాత్య బాణీలు పక్కపక్కన నిలిచాయి.

1951లో మల్లీశ్వరి వచ్చింది. కృష్ణశాస్త్రిగారి గీతాలకు ఆయన బాణీలు అమరినాయి. ఆ చిత్రానికి వాద్యగోష్ఠి కూర్చినవారు అద్దేపల్లి రామారావుగారు. పాటను మెచ్చుకొనేటప్పుడు ఆయననూ తలచుట ధర్మం. విప్రనారాయణ, మిస్సమ్మ, భక్త ప్రహ్లాద చిత్రాలు తరువాతివి. పియానో ముందు కూర్చొని పాత్రలు పాడే పాటలంటే తెలుగువారికి నేటికీ ఆయనే గుర్తుకు వస్తారు. 1999లో ఆయన పరమపదించారు.

మన పిల్లలు ఒడియా చదువులు చదివి తెలుగు మరచిపోతారేమోనని పెద్దలు దిగులుపడుతుంటారు. ఆ దిగులు నిజమైనదే. కాని రాజేశ్వరరావుగారు ఎన్ని బాణీలు తెచ్చుకొన్నా పాటలో తెలుగు మాటను చెదరనీయలేదు. పొరుగు విద్య నేర్చినందువల్ల మన భాష పోదు. ఇంట్లో పలకనినాడు పోతుంది. ఈ ఉగాదినాడు మన ఇళ్ళలో ఆయన పాట ఒకటి పిల్లలచేత పాడిద్దాం.